అమ్మబోతే అడవి: తాతగారి బీరువా, పాతవస్తువుల వర్తకుడు

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెతను సొంతవాక్యంలో ప్రయోగించమంటే మా విద్యార్థులు ధాన్యాన్ని గురించో మిరపకాయలను గురించో రాసేవారు. పదవీవిరమణ చేసిన తరువాత నేను చూస్తున్న లోకాన్ని బట్టి చెప్పాలంటే, ఆ సామెతకు అసలైన ఉదాహరణ తాతగారి బీరువా. పెద్దాయన బ్రతికి ఉన్నన్నాళ్ళూ ఒక్కొక్క పుస్తకాన్నీ, ఒక్కొక్క నాణేన్నీ కొరివి ధర పెట్టి కొన్నాడు. ఆయన పోయిన మరుసటి సంవత్సరం వాటిని అమ్మబోతే అడవిలో అరిచినట్లే ఉంటుంది, పలికేవాడు కనబడడు.

మా వైపు మండువా లోగిళ్ళు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. పిల్లలు బెంగుళూరులోనో, డాలసులోనో, మెల్‌బోర్నులోనో ఉన్నారు. ఇల్లు బిల్డరు చేతికి ఇచ్చే తేదీ ముందే ఖాయమవుతుంది. సామాను సంగతి ఆ తేదీకి వారం ముందు గుర్తుకు వస్తుంది. అప్పుడు "మాస్టారూ, ఒక్కసారి వచ్చి చూడండి, ఇవేమైనా పనికొచ్చేవేనా?" అని కబురు వస్తుంది. నేను పురావస్తు శాస్త్రజ్ఞుణ్ణి కాను. తెలుగు పండితుడిగా పాత లిపిని కొంత చదవగలను, పాత ముద్రణలను కొంత గుర్తుపట్టగలను. ఆ కొంచెం పరిజ్ఞానంతో పాతిక ముప్ఫై ఇళ్ళ బీరువాలు చూశాను. వాటి మూలంగా ఏర్పడిన అభిప్రాయాలనే ఇక్కడ రాస్తున్నాను. కొందరు పెద్దలకు ఇవి రుచించకపోవచ్చు.

మొదటి మాట: అమ్ముకోవడం తప్పు కాదు. "తాతగారి పుస్తకాలు అమ్ముకుంటావుటరా?" అని నిలదీసే మేనమామ ప్రతి కుటుంబంలోనూ ఒకాయన ఉంటారు. ఆయన వాటిని తన ఇంట్లో పెట్టుకోమంటే మాత్రం పెట్టుకోరు. అమ్మకం అపచారమనీ, దానం పుణ్యమనీ, దాచుకోవడం భక్తి అనీ మనకొక భావం పాతుకుపోయింది. చరిత్ర చూస్తే దీనికి విరుద్ధంగా ఉన్నది. భక్తితో దాచిన తాళపత్రాలు చెదల పాలైనాయి. పూజామందిరంలో పెట్టి కుంకుమ చల్లి, చివరకు పుష్కరాల్లో గోదావరిలో కలిపిన కట్టల సంగతి మా తరం వారందరూ విన్నదే. అమ్ముడుపోయినవి మాత్రం చాలావరకు మిగిలాయి.

కర్నల్ కాలిన్ మెకంజీ సేకరణనే తీసుకోండి. ఆయన సర్వే ఉద్యోగం చేస్తూ దక్షిణదేశమంతటా కైఫీయతులూ, శాసనప్రతులూ, వ్రాతప్రతులూ, నాణేలూ సేకరించాడు. ఆయనకు కుడిభుజాలుగా నిలిచినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య. ఊరూరా తిరిగి, కరణాలనూ పండితులనూ ఒప్పించి, కొని తెచ్చినవారు వీరూ వీరి అనుచరులూ. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట ఆయన భార్య ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీకి పదివేల పౌన్లకు అమ్మింది. ఒక్క ముక్క విడదీయకుండా, గంపగుత్తగా. 1828లో విల్సన్ దానికి వివరణాత్మకమైన జాబితా ప్రకటించాడు. ఈనాడు మన గ్రామచరిత్రలు రాసేవారెవరైనా ఆ కైఫీయతుల గడప తొక్కకుండా ఉండలేరు. ఆ ఇల్లాలు "ఆయన జ్ఞాపకార్థం దాచుకుంటాను" అని ఓడలో పెట్టుకుని పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. బ్రౌను దొర కూడా సొంత జీతం నుండి వ్రాతప్రతులు కొన్నాడు, లేఖకులకు కూలి ఇచ్చి ప్రతులు రాయించాడు. మనం ఆయన పేరు చెప్పుకుని చేతులు జోడిస్తాము కానీ, ఆ ప్రతులను ఆయనకు డబ్బు పుచ్చుకుని ఇచ్చిన నిరుపేద పండితులను ఎవ్వరమూ తప్పుపట్టము. అమ్మినవాడు కూడా ఆ పుణ్యంలో భాగస్వామియే.

కాబట్టి అమ్మవచ్చునా అన్నది ప్రశ్న కాదు. ఎవరికి, ఎట్లా, ఏ షరతు మీద అన్నదే ప్రశ్న. మన ఇళ్ళల్లో ఎవరూ అడగనిది అదే.

వర్తకుడు అనగానే మనకొక దురభిప్రాయం. అందరూ ఒక కోవకు చెందినవారు కారు. వీధిలో కేక వేసుకుంటూ వచ్చే పాత ఇనుప సామాను వాడు వర్తకుల్లో చివరివాడు. అతని తక్కెడకు శబ్దరత్నాకరమూ, నిరుటి టెలిఫోను డైరెక్టరీ ఒకటే. అతనిలో మోసం లేదు, కిలో ఇంత అని చెప్పే కొంటాడు. ఆ పైన పాతపుస్తకాల వారు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు మూసిన దుకాణాల ముందు కాలిబాట మీద పుస్తకాలు పరచుకునే వారిలో కొందరికి ఏ పుస్తకానికి ఎన్ని ముద్రణలో నోటికి వచ్చు. డిగ్రీలు లేని గ్రంథాలయ శాస్త్రవేత్తలు వారు. నాణేల, తపాలాబిళ్ళల వర్తకులు వేరొక లోకం. వారికి ముద్రిత ధరల పట్టికలుంటాయి, వస్తువు స్థితిని బట్టి తరగతులుంటాయి. ఆ పైన లైసెన్సు పొందిన పురావస్తు వర్తకులూ, వేలం సంస్థలూ.

ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. వంద రూపాయలకు అమ్ముడుపోగల వస్తువుకు వర్తకుడు ముప్ఫయ్యో నలభయ్యో ఇస్తానన్నాడంటే అది దోపిడీ అని వెంటనే నిర్ణయించకూడదు. ఆ వస్తువు ఈ రోజే అమ్ముడుపోదు. మూడేళ్ళు అతని అటకమీద ఉంటుంది. దుకాణం అద్దె, పెట్టుబడి మీద వడ్డీ, చెదలు, ఎలుకలు, వానకు కారే కప్పు, చివరకు పట్టుకున్నది నకిలీ అని తేలే ప్రమాదం, ఇన్నీ అతని నెత్తి మీద ఉంటాయి. పైగా ఆ వస్తువు కావలసినవాడు ఈ భూమి మీద ఎక్కడున్నాడో అతనికే తెలుసు, మనకు తెలియదు. ఆ తెలియడానికే మనమిచ్చే మూల్యం మిగిలిన అరవై. వందకు పది ఇస్తే మాత్రం అది వర్తకం కాదు.

వర్తకుని ద్వారా అమ్మడానికి స్థూలంగా మూడు దారులు. రొక్కానికి అమ్మేయడం ఒకటి. డబ్బు ఆ రోజే చేతికి వస్తుంది, ధర తక్కువ. వస్తువును అప్పగించి, అమ్ముడుపోయిన తరువాత కమీషను మినహాయించుకుని మిగిలింది పుచ్చుకోవడం రెండవది. ధర ఎక్కువ రావచ్చు, కాని ఎప్పుడు వస్తుందో తెలియదు, వర్తకుడి నిజాయితీ మీద ఆధారపడాలి. మూడవది వేలం. అక్కడ కనీస ధర నిర్ణయించుకోవచ్చు, అంతకు తక్కువైతే వస్తువు మనకే తిరిగి వస్తుంది. అయితే అమ్మినవాడి దగ్గరా, కొన్నవాడి దగ్గరా కూడా రుసుము పట్టుకుంటారు. ఏ వేలమైనా మంచి వస్తువులకే ఆసక్తి చూపుతుంది, మూడు బీరువాల సామానును మోసుకుపోదు. చిన్న ఊళ్ళో ఉన్న మధ్యతరగతి కుటుంబానికి సాధారణంగా మొదటి రెండు దారులే గతి.

ఇక్కడే ఒక గృహంలో జరిగింది చెప్పాలి. నాతోపాటు పనిచేసిన సంస్కృత పండితుడొకాయన కాలం చేశారు. మూడు బీరువాల పుస్తకాలు. అందులో భారతి మాసపత్రిక తొలి సంవత్సరాల సంపుటాలు, 1924 నుండి, బైండు చేయించినవి. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు. వావిళ్ళ వారి ముద్రణలు. కవులు సంతకాలు చేసి ఇచ్చిన తొలి ముద్రణలు ఓ ఇరవై. మిగిలినవి పాఠ్యగ్రంథాలు, వ్యాకరణాలు, నిఘంటువులు, చిరిగిన నాటకాలు. ఆయన భార్యకు కంటి ఆపరేషను చేయించుకోవలసి ఉన్నది. కొడుకులు పంపుతామంటారు, ఆమె అడగదు. పట్నం నుండి ఒక వర్తకుడు వచ్చాడు. వినయంగా మాట్లాడాడు, కాఫీ తాగాడు, "అమ్మగారూ, ఈ రోజుల్లో ఇవెవరు చదువుతారండీ? మీ మాట కాదనలేక ఓ నాలుగు పట్టుకుపోతాను" అన్నాడు. ఆ నాలుగూ ఏవో చెప్పనక్కరలేదు. భారతి సంపుటాలు, సంతకాలున్న తొలి ముద్రణలు, రెండు తాళపత్రాల కట్టలు. ఆరువేల రూపాయలు బల్లమీద పెట్టి, రసీదు ఇవ్వకుండా, ఆటో పిలుచుకుని వెళ్ళిపోయాడు. నాకు కబురు అందింది ఆ మరునాడు. "అన్నయ్యగారూ, ఇంకా మూడు బీరువాలూ నిండుగానే ఉన్నాయండీ, వాటికింకా ఎంత రావచ్చు?" అని ఆమె అడిగింది.

రెండో వర్తకుడిని పిలిపించాను. ఆయన తలుపు తీసి ఒక్కచూపు చూసి, "ఎవరో వచ్చి వెళ్ళారు కదండీ" అన్నాడు. మొత్తం కలిపి ఉంటే తాను గంపగుత్తగా ఇంత అని చెప్పగలిగేవాడిననీ, ఆ భారతుల కోసమే మిగతా వ్యాకరణాల్నీ మోసుకుపోయేవాడిననీ, ఇప్పుడు ఆటో బాడుగకు కూడా గిట్టదనీ చెప్పాడు. అది అబద్ధమని నేననుకోను. చివరకు ఆ మూడు బీరువాలూ తక్కెడకెక్కాయి.

నా అభిప్రాయంలో సేకరణలు అమ్మేవారు తెలుసుకోవలసిన విషయాల్లో ప్రధానమైనది ఇదే. ఏరుకోనివ్వకూడదు. మంచివి నాలుగు తీసిస్తే మిగిలిన నాలుగువందలూ అనాథలవుతాయి. వర్తకుడికి మంచివి కావాలంటే మిగతావాటికీ అతనే దారి చూపాలి. లేదా ఆ నాలుగింటికీ నాలుగువందల ధర చెల్లించాలి. ఈ మాట మొగమాటం లేకుండా మొదటి రోజే చెప్పాలి. మొగమాటం మన జాతిలక్షణం. ఇంటికి వచ్చి కాఫీ తాగినవాడితో బేరమాడలేము. అందుకే బేరం కాఫీకి ముందు జరగాలంటాను.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా చూశాను. తపాలాశాఖలో పనిచేసి విరమించిన ఒకాయన జీవితమంతా బిళ్ళలూ, నిజాం కాలపు నాణేలూ సేకరించారు. ఆయనకు ఒక మంచి అలవాటు. ఏ వస్తువు ఎప్పుడు, ఎవరి వద్ద, ఎంతకు కొన్నారో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టారు. ఆయన కూతురు ఆ పుస్తకానికి నకలు తీయించి ముగ్గురు వర్తకులకు పంపింది. వస్తువులు చూపలేదు, జాబితా మాత్రమే చూపింది. ముగ్గురూ మూడు ధరలు రాసి పంపారు. మూడింటికీ మధ్య తేడా రెట్టింపుకు పైనే. అప్పుడు ఇద్దరిని పిలిపించి, మొత్తం సేకరణ ఒకరికే అన్న షరతు మీద ఇచ్చింది. ఆమె నాణేల శాస్త్రం చదవలేదు. నాన్నగారి నోటుపుస్తకాన్ని మాత్రం పారవేయలేదు. వస్తువుతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా ఉంటే విలువ పెరుగుతుంది. పాత రసీదు, ఉత్తరం, పెళ్ళి ఫొటోలో వెనుక కనిపించే దీపస్తంభం, ఏదైనా సరే. వస్తువు మీదేనని రుజువు చేసేది కూడా అదే, దాని అవసరం ఎందుకో తరువాత చెబుతాను.

అమ్మకానికి ముందు శుభ్రం చేయాలన్న తాపత్రయం ఇంకొక చేటు. కంచు విగ్రహాన్నీ, రాగి నాణేలనూ చింతపండు పెట్టి తోమి తళతళలాడించి పెడతారు మన ఆడవారు. పండుగనాటి అలవాటు. కాలం పెట్టిన ఆ నల్లని ఛాయయే పాతదనానికి సాక్ష్యం. తోమిన నాణేన్ని వర్తకుడు సగానికి సగం ధర తగ్గించి అడుగుతాడు, అతని తప్పులేదు. పుస్తకాల విషయంలో బైండింగువాడు చేసే అపకారం ఇంతింత కాదు. అంచులు కత్తిరించి, పాత అట్ట తీసి పారవేసి, చివర ప్రకటనల పుటలు చింపి కొత్త కాలికో బట్ట వేస్తాడు. సాహిత్యచరిత్రకారుడికి ఆ ప్రకటనల పుటల్లోనే ఆ అచ్చాపీసు చరిత్ర ఉంటుంది. అరచేతి వెడల్పు అంచులో పెన్సిలుతో రాసిన వ్యాఖ్యలను రబ్బరుతో తుడిపించిన పుణ్యాత్ముడిని కూడా ఎరుగుదును.

తాళపత్రాల విషయంలో ఒక చిన్న సాంకేతికాంశం. కట్ట చివరన లేఖకుడు ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథినాడు రాత ముగించాడో చెప్పుకుంటాడు. "విభవ నామ సంవత్సర" అని ఉన్నంత మాత్రాన సంతోషించరాదు. విభవ అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. శకవర్షం కూడా చెప్పి ఉంటే అదృష్టం. లేకుంటే లిపి తీరును బట్టీ, ప్రస్తావించిన దొరల పేర్లను బట్టీ ఊహించాలి. అందుచేత ఆ చివరి ఆకును ఎంత చినిగినా పారవేయకండి. కట్ట విప్పి, ఆకులు కలిపి, తాడు మార్చి అందంగా కట్టకండి. వరుస తప్పిన తాళపత్రం పుటలసంఖ్య చెరిపేసిన పుస్తకం వంటిది.

ఇక చట్టం. ఇది చాలామందికి తెలియని భాగం కనుక కొంచెం నిదానిస్తాను. పురావస్తువులు, కళానిధుల చట్టం 1972లో చేయబడి 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నూరేళ్ళు నిండిన శిల్పం, చిత్రం, నాణెం, శాసనం, కట్టడం నుండి విడదీసిన భాగం మొదలైనవి పురావస్తువులు. సాహిత్య, చారిత్రక, శాస్త్ర విలువగల వ్రాతప్రతులకూ దస్తావేజులకూ డెబ్బై అయిదేళ్ళే చాలు. ఈ గీత ఏటేటా ముందుకు జరుగుతూ ఉంటుందన్నది గమనించాలి. 1930లో పోతపోసిన విగ్రహం 2030లో పురావస్తువవుతుంది. 1950లో ఒక కవి స్వహస్తాలతో రాసుకున్న కావ్యం 2025తోనే ఆ గీతను తాకింది. "మా నాన్నగారి నోటుపుస్తకం పురావస్తువా?" అని ఆశ్చర్యపోనక్కరలేదు, కావచ్చు. మండువా లోగిలి పడగొట్టేటప్పుడు విడదీసే చెక్కడపు సింహద్వారం కూడా కావచ్చు.

పురావస్తువులతో వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. శిల, లోహ, మృణ్మయ, దంత, దారు శిల్పాలను, చిత్రాలను, బొమ్మలతో కూడిన వ్రాతప్రతులను సొంతదారు ప్రభుత్వం నియమించిన అధికారి వద్ద నమోదు చేయించుకోవాలి. చేతులు మారినప్పుడు తెలియజేయాలి. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులెవరికీ అనుమతి లేదు. చేస్తే ఆరు నెలల నుండి మూడేళ్ళ దాకా జైలు. పెరట్లో తవ్వుతుంటే లంకెబిందె దొరికిందనుకోండి, అది తాతగారిది కాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. దంతపు చదరంగం పావులు, పులిచర్మం, గోడకు కొట్టిన దుప్పికొమ్ములు ఎంత పాతవైనా అమ్మకానికి వీల్లేదు. వాటి మీద వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. వర్తకుడు "నేను చూసుకుంటాలెండి" అన్నాడంటే ఆ మాటకు అర్థం ఏమిటో మీరే ఆలోచించండి.

ఎగుమతి నిషేధం వల్ల ధర పడిపోతుందన్నది నిజమే. దానికి పెద్ద ఉదాహరణ మన హైదరాబాదుదే. నిజాము నగల ట్రస్టు వారు వాటిని అమ్మజూసినప్పుడు విదేశీ కొనుగోలుదారులు బారులు తీరారు. సంవత్సరాల తరబడి న్యాయస్థానాల్లో వాదాలు నడిచి, చివరకు 1995లో కేంద్రప్రభుత్వమే 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. అంతర్జాతీయ విపణిలో అంతకు ఎన్నో రెట్లు వచ్చేదని అప్పుడే అన్నారు. వారసులకు నష్టమే. దేశానికి లాభం. నిజాము వంశం ఆ నష్టాన్ని భరించగలదు, ఒక ఉపాధ్యాయుని వితంతువు భరించగలదా అన్నది నా సందేహం. చట్టం ఉద్దేశాన్ని నేను ప్రశ్నించను. ఎగుమతి ఆపిన ప్రభుత్వానికి ఇంటిదగ్గర కొనుగోలుదారును చూపే బాధ్యత లేదా? నమోదు చేయించుకోదలచినవాడు ఏ కార్యాలయానికి వెళ్ళాలో ఏ మండలంలోనైనా ఎవరైనా చెప్పగలరా? నిజాయితీగా నడుచుకోవడం ఇంత కష్టమైనప్పుడు లైసెన్సు లేనివాడే ఇంటి గుమ్మంలో మొదట నిలబడతాడు.

నిలబడితే ఏమవుతుందో ప్రకాశం జిల్లా చందవరం చెబుతుంది. అక్కడి బౌద్ధక్షేత్రం నుండి అపహరించబడిన సున్నపురాతి ఫలకం, బుద్ధుని ఆరాధిస్తున్న భక్తుల శిల్పం, న్యూయార్కు వర్తకుడు సుభాష్ కపూర్ దుకాణం ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. అది దొంగసొత్తు అని తేలి 2016లో వారు దానిని భారతదేశానికి తిరిగి అప్పగించారు. ఆ వర్తకుడు 2011లో జర్మనీలో పట్టుబడ్డాడు, తమిళనాడు కేసులో 2022లో కుంభకోణం న్యాయస్థానం అతనికి పదేళ్ళ శిక్ష విధించింది. అంత పెద్ద సంస్థనే నమ్మించినది కట్టుకథ పత్రాలే. అందుకే ఇప్పుడు మంచి వర్తకులు, మంచి సంస్థలు మొదట అడిగేది "ఇది మీకెట్లా వచ్చింది?" అని. ఆ ప్రశ్న అడిగినవాణ్ణి చూసి కోపగించుకోకండి. అడగనివాడిని చూసి భయపడండి.

మోసాల సంగతి కొంత ముచ్చటించక తప్పదు, ఎందుకంటే వర్తకుడి వేషంలో వచ్చే వంచకులు పల్లెటూళ్ళలో ఎక్కువ. బియ్యపు గింజలను ఆకర్షించే రాగిచెంబు మీ ఇంట్లో ఉంటే కోట్లు ఇస్తామని "రైస్ పుల్లింగ్" పేరుతో తిరిగే ముఠాల మీద రెండు రాష్ట్రాల్లోనూ కేసులున్నాయి. ఏ చెంబూ బియ్యాన్ని లాగదు, చెంబు సొంతదారు జేబునే లాగుతుంది. సీతారాముల బొమ్మతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ నాణెం అని చూపేది నాణెమే కాదు, కంపెనీ అటువంటిది ముద్రించలేదు. ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని, ముందుగా రుసుము కట్టమని అడిగేవారి గురించి రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అమ్మేవాడి దగ్గర ముందు డబ్బు అడిగే వర్తకుడు లోకంలో లేడు. గోడమీది రవివర్మ లక్ష్మీదేవి కూడా నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఆయన అచ్చుయంత్రం నుండి వచ్చిన ముద్రితపటమే. దానికీ ధర ఉన్నది, కాని తైలవర్ణచిత్రపు ధర కాదు.

"ఈ గొడవంతా ఎందుకు, గ్రంథాలయానికి ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అనేవారికి నా సమాధానం వారికి నచ్చదు. దానాన్ని స్వీకరించిన మరునాడే మరచిపోయే సంస్థలు మనకు చాలా ఉన్నాయి. ఒకానొక గ్రంథాలయంలో దాత పేరు రాసిన బీరువాకు తాళం వేసి, తాళంచెవి పోగొట్టుకుని, అయిదేళ్ళు ఎవ్వరూ తీయని సంగతి స్వయంగా చూశాను. తలుపు పగలగొట్టేసరికి లోపల మట్టి. ఊరకే వచ్చినదానిని ఎవరూ గౌరవించరు. డబ్బు పెట్టి కొన్నవాడు చెదలమందు కూడా కొంటాడు. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటివి గొప్పవే. వాటికీ స్థలమూ సిబ్బందీ పరిమితమే. మీ దగ్గరున్నది వారి వద్ద లేనిదేనా అని ముందు జాబితా పంపి అడగండి. లేనిదైతే ఇవ్వండి, వారు కొనగలిగితే కొనమని అడగడానికి సిగ్గుపడకండి. ఒక సేకరణను కొని కూడా దాన్ని ఊరు దాటనీయకుండా కాపాడవచ్చు. హైదరాబాదులో ఒక అభిమాని కూడబెట్టిన ఉర్దూ గ్రంథసంచయాన్ని చికాగో విశ్వవిద్యాలయం ముందు నిలిచి కొనిపించి, సముద్రం దాటించకుండా సుందరయ్య విజ్ఞానకేంద్రంలోనే నిలిపింది. తెలుగు సేకరణలకు అటువంటి ఆలోచన చేసే విశ్వవిద్యాలయం మనకొక్కటైనా ఉన్నదా?

అమ్మేముందు అరుదైనవాటిని స్కాను చేయించమనడం కూడా నా సలహాల్లో ఒకటి. "స్కాను చేస్తే విలువ తగ్గుతుందేమో" అని ఒక వర్తకుడు నన్ను వారించాడు. కొంతవరకు నిజమే. చదువుకోవడానికి మాత్రమే పనికివచ్చే మామూలు ప్రతికి అంతర్జాలంలో బొమ్మ దొరికితే గిరాకీ తగ్గుతుంది. సంతకం ఉన్న తొలి ముద్రణకు తగ్గదు, దానిని కొనేవాడు చదువుకోవడానికి కొనడు. ఎట్లయినా, ఒక్కటే మిగిలిన వ్రాతప్రతిని బొమ్మ తీయకుండా అమ్మడాన్ని మాత్రం నేను సమర్థించలేను. వస్తువు మీది, పాఠం మీది కాదు.

రసీదు గురించి రెండు మాటలు. వస్తువుల పేర్లు విడివిడిగా, "పాతపుస్తకాలు ఒక లాటు" అని కాకుండా, రాయించండి. అప్పగింత పద్ధతిలో ఇస్తే ఎన్నాళ్ళలో అమ్మాలో, కమీషను ఎంతో, అమ్ముడుపోకపోతే ఎవరి ఖర్చుతో తిరిగి వస్తుందో, పోయినా తడిసినా ఎవరు బాధ్యులో ఉండాలి. వర్తకుని లైసెన్సు సంఖ్య అడగండి. ధర కట్టినవాడు, కొన్నవాడు ఒక్కరే కాకుండా చూసుకోండి. ఇంత ధర అని చెప్పడానికి వేరొకరికి కొంత ముట్టజెప్పినా నష్టం లేదు. చిత్రాలు, శిల్పాలు వంటివి అమ్మితే ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తాయి, ఇంట్లో వాడుకునే మంచాలూ కుర్చీల వలె కాదు. ఆడిటరును ఒకసారి అడగండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు "అమ్మడమెందుకు నాన్నా, మామ్మ దీపపుసెమ్మె నేను పట్టుకెళ్తాను" అంటే సంతోషమే. అయితే సూట్‌కేసులో చుట్టి శంషాబాదు విమానాశ్రయానికి బయలుదేరే ముందు, అది నూరేళ్ళు నిండనిదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వారి నుండి ధ్రువపత్రం తెప్పించుకోమనండి. దరఖాస్తుతోపాటు ఫొటోలు పెట్టాలి, వస్తువును నిపుణులకు చూపించాలి, కొంత సమయం పడుతుంది. టిక్కెట్టు కొన్న తరువాత కాదు, కొనకముందే మొదలుపెట్టాలి.